బియ్యం డబ్బాలో పాస్‌పోర్టు

హీత్రో, శుక్రవారం

బావగారికి,

ఈ ఉత్తరం మీ తమ్ముడి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మేం బ్రిటిష్ పౌరులమయ్యాక, "ఇండియన్ పాస్‌పోర్టు వెనక్కివ్వకు, ఆస్ట్రేలియా పీఆర్ వీసా దాని మీదే కదా ఉంది" అన్నారు మీరు. బ్రాక్‌నెల్ ఊళ్లో కూర్చున్న మీకు తెలియని చట్టముందా! ఆయన దాన్ని బియ్యం డబ్బాలో దాచారు. గడువు తీరిపోయిందని మాత్రం ఇద్దరు మేధావుల్లో ఒక్కరూ చూడలేదు. ఇవాళ చెకిన్ కౌంటర్లో పిల్ల దాన్ని తెరిస్తే ముందు ముక్కపురుగు బయటికొచ్చింది.

నేనూ అపూర్వా మా పాతవి ఎప్పుడో ఇచ్చేసి, బ్రిటిష్ పాస్‌పోర్టు నంబర్లు ఆస్ట్రేలియా వాళ్లకు ఆన్‌లైన్లో పంపేశాం. "మీరూ ఇప్పుడే పంపండి, రేపటి ఫ్లైటుకు వెళ్లొచ్చు" అని ఆ పిల్ల జాలిపడి చెప్పింది.

"డాడ్, ఇట్స్ ఓన్లీ ఎ ఫామ్" అంది అపూర్వ.

"ఉండమ్మా, పెదనాన్నని ఒక్కమాట అడుగుతాను" అన్నారు. మీరు ఫోను ఎత్తలేదు. అందుకే స్వయంగా మీ దగ్గరికే వస్తున్నారు.

ఈ నెలాఖరులోగా ఆస్ట్రేలియాలో అడుగు పెట్టకపోతే వీసా పోతుంది. మేమిద్దరం వెళ్తున్నాం.

మీ తమ్ముణ్ని మీ దగ్గరే భద్రంగా దాచుకోండి. పురుగు పట్టకుండా చూసుకోండి.

ఇట్లు,
మీ మరదలు