ఒక్క రాత్రి తాళం

ఆమదాలవలస,
డిసెంబరు 3, 2014

ప్రియమైన షీబా అక్కకి,

ప్రభువు కాపుదలలో నువ్వూ బావా పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నేను మాత్రం బాగా లేను. మొన్న ఫోన్‌లో చెప్పబోతే ఏడుపు తప్ప మాట రాలేదు. సిగ్నల్ లేదనుకుని నువ్వు పెట్టేశావు.

నా కుట్టు కొట్టు పోయిందక్కా.

కుసుమకుమారి మామ్మగారి కొట్టు నేను అద్దెకు తీసుకున్న సంగతి నీకు తెలుసు. అద్దె కాగితం ఆవిడ ఎప్పుడూ పదకొండు నెలలకే రాయించేది. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అద్దెవాళ్ళకి బలం వచ్చేస్తుందని ఆవిడ భయం. భర్త బతికుండగా వాళ్ళింట్లో దిగినవాడొకడు ఖాళీ చెయ్యనన్నాడట. కోర్టు వాయిదాలకి తిరిగి తిరిగి ఆయన మంచం పట్టాడట. అందుకని గడువు తీరిన రోజున నేను మిషనూ బట్టలూ అన్నీ ఎదురుగా చర్చి వరండాలోకి చేర్చి, ఖాళీ చేసి అప్పగించానని సంతకం పెట్టి, తాళంచెవి ఆవిడ చేతికివ్వాలి. ఆ ఒక్క రాత్రీ కొట్టు ఆవిడది. తెల్లారగానే కొత్త కాగితం, తాళంచెవి, గిన్నెడు సేమ్యా పాయసం. "ఏటే మెర్సీ, కొత్తగా అద్దెకి దిగినావేటి?" అని ఆవిడే వేళాకోళమాడేది. మా ఆయన విక్టర్ చనిపోయిన ఏడాది కూడా అలాగే జరిగింది. అదొక పండగలా అలవాటైపోయింది.

ఈసారి మామ్మగారికి ఒంట్లో బాగోక తమ్ముడి కొడుకు యుగంధర్ ఇంట్లో ఉంటోంది. తాళంచెవికి అతను వచ్చాడు. ఎప్పటిలాగే సంతకం పెట్టి ఇచ్చాను. తెల్లారాక పాయసమూ రాలేదు, కాగితమూ రాలేదు. కొట్టుకి కొత్త తాళం వేలాడుతోంది. వెళ్ళి అడిగితే, సెల్‌ఫోన్ల షాపు వాళ్ళకి ఇచ్చేశానన్నాడు. "నువ్వే కాళీ సేసి సంతకం ఎట్టినావు. నానేటి సేత్తాను?"

ప్లీడరు గంగరాజుగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. గడువు దాటినా నేను లోపలే ఉండుంటే, కోర్టుకి వెళ్ళకుండా అతను నన్ను కదపలేకపోయేవాడట. "నీ సేత్తో నువ్వే బయటికొచ్చీసేవు తల్లీ" అన్నారు.

సంఘం వాళ్ళ క్రిస్మస్ బట్టలన్నీ వరండాలో మంచుకి తడుస్తున్నాయి. ఈ ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకడం లేదు. ప్రార్థన చేద్దామన్నా నోటికి తిట్లే వస్తున్నాయి. ఆ ముసలావిడ భయానికి నేను బలైపోయానక్కా. మిషన్ అమ్మేసి విజయనగరం వచ్చేస్తాను. నీ ఇంట్లో ఓ మూల పడుంటాను. బావతో చెప్పు.

నీ చెల్లెలు,
మెర్సీ

*

ఆమదాలవలస,
డిసెంబరు 19, 2014

అక్కా,

నీ ఉత్తరం చేరింది. వచ్చెయ్యమన్నావు, బావ కూడా సరేనన్నాడని రాశావు. చదివి కడుపు నిండింది. కానీ రావడం లేదు.

ఊరు వదిలేముందు మామ్మగారిని నాలుగు మాటలు అనేసి వద్దామని యుగంధర్ ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఏమనాలో కూర్చుకుంటూనే నడిచాను. ఆవిడ వీధి అరుగు మీద ట్రంకు పెట్టె పక్కన కూర్చుని ఉంది. తనని చూసుకుంటాడనే నమ్మకంతో ఇల్లూ కొట్టూ వాడి పేర దానం రాసిచ్చేసిందట. ఇప్పుడు వృద్ధాశ్రమంలో చేరమంటున్నాడు. "అద్దెవోల్ని ఓ రేత్రి బయటెట్టి నా ఆస్తి కాపాడుకున్నానే. ఇంట్లోవోడికి సేతులారా ఇచ్చీసేను. ఇప్పుడు నాకు అద్దె కాయితం కూడా నేదు" అంది. ట్రంకు పెట్టె ఎత్తుకున్నాను.

గంగరాజుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ముసలివాళ్ళని చూడకపోతే దానం రద్దు చేయించే చట్టం ఉందట, ఆర్డీవోకి అర్జీ పెట్టుకోవచ్చట. నా పిల్లడి మీద కేసా అని ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను గట్టిగా అడగలేదు.

స్టేషన్ వెనక అప్పలసూరిగారి గది దొరికింది. ముందు గదిలో మిషన్, వెనక మేమిద్దరం. ఆయన తెచ్చినదీ పదకొండు నెలల కాగితమే. మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివి, సాక్షి సంతకం చేసింది. చేతులు వణుకుతున్నా ఇప్పుడు హుక్కులు కుడుతోంది. ఆవిడని క్షమించానా అంటే, ఏమో, ఒక్కోసారి కంచం పెట్టేటప్పుడు కోపం వస్తుంది.

నిన్న అప్పలసూరిగారు తాళంచెవి ఇచ్చి వెళ్ళగానే, అది తీసుకుని తన కొంగున ముడేసుకుంది.

"గడువు నాడు మిషను కదపకే. ఈ తాళంసెవి నా కాడే ఉంటాది. కావాలన్నోడు కోర్టుకెళ్ళి అడుగుతాడు" అంది.

మిషన్ అమ్మడం లేదక్కా. పిల్లల కొలతలు వెంటనే పంపు, పండక్కి గౌన్లు కుట్టి పెడతాను.

నీ
మెర్సీ