పాలిషు గది నా తమ్ముడికే

వడ్రంగుల వీధిలో శవపెట్టెల దుకాణం నడుపుతూ, ఊరందరి నోటా పెట్టెలమ్మగా చెలామణీ అవుతున్న నేను, చూపూ చెవులూ పనిచేస్తుండగా, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. బలవంతం అసలే జరగలేదంటే అబద్ధమవుతుంది. రాయవద్దని జరిగింది. నా కొడుకూ, మా ఆడపడుచూ చాలా నచ్చజెప్పి చూశారు. నాకు నచ్చలేదు. ఇంతకుముందు రాసిన కాగితాలేవైనా ఉంటే అవి చెల్లవు.

1. నేను కాపురముంటున్న ఇల్లు నా తదనంతరం నా కొడుక్కీ కోడలికీ సమాన హక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కోడలిది. కొడుకు మంచివాడే, కానీ కోపమొస్తే వాడికి కాగితం మీద అక్షరాలు కనపడవు. కోడలు ఎంత చిరాకులో ఉన్నా "కాస్త ఆ గ్లాసు అందిస్తారా అత్తయ్యా" అనే అడుగుతుంది. అలా అడగడం తెలిసిన మనిషి చేతిలో ఏ కాగితమైనా భద్రం.

2. పెట్టెల లోపలి గుడ్డ కుట్టే నా మిషను ఎదురింటి ఇస్త్రీ ఆవిడకు ఇవ్వాలి. మురుగుకాలువ విషయంలో మాకూ వాళ్లకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. మా పాలిషు గది అంటుకున్న రోజు నా చీరకు మంటలు పాకి నేను గుమ్మంలో పడిపోతే, చూసేవాళ్లంతా చూస్తూ ఉండగా ఆవిడే తడిదుప్పటి తెచ్చి కప్పి నన్ను బయటికి ఈడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మీ రుణం తీర్చుకోలేనని చెప్పబోయాను. "అవన్నీ తర్వాత, ముందు మీ కాలువ బాగుచేయించండి" అంది. చేయించాను. అప్పటినుంచి రోజూ పలకరించుకుంటున్నాం.

3. నా నిలువుటద్దం మా ఆడపడుచుకు. కట్లు విప్పిన రోజు నా మంచం పక్కన కూర్చుని "ముఖం పోతే పోయిందిలే వదినా, విధవదానివి, ఇంకెవరు చూడాలి" అన్న మనిషి ఆవిడ. క్షమించాను. మరిచిపోయానని మాత్రం ఎక్కడా చెప్పలేదు. అద్దం మంచిది, మచ్చ లేదు, వాడుకోమనండి.

4. దుకాణంలో సగభాగం, అందులోనూ వెనకవైపు కొత్తగా కట్టించిన పాలిషు గది మొత్తం, నా తమ్ముడికి సర్వహక్కులతో చెందాలి. మిగతా సగం నా కొడుకుది. గొడవంతా ఈ షరతు గురించే కనుక కారణం రాయిస్తున్నాను.

పాలిషు గదిలో నిప్పు వెలిగించకూడదని వాడికి నేనే నేర్పాను. వాడు సిగరెట్ వెలిగించాడు. స్పిరిటు డబ్బా అంటుకుంది. వాడు వెనక తలుపు నుంచి బయటపడ్డాడు. ఆ సంగతి తెలియక, వాడు లోపలే ఉన్నాడనుకుని నేను వెళ్లాను. నా ఎడమ చెంప, చెవి, చెయ్యి అక్కడ కాలాయి. వాడు వీధి చివర నిలబడి నన్ను మోసుకెళ్లడం చూశాడు. చూసి, ఊరు విడిచి పారిపోయాడు.

ఏళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. మా అబ్బాయి చేతిలో ఉన్న చిత్రిక కింద పెట్టి, "వీడు లోపలికొస్తే నేను బయటికి పోతానమ్మా" అన్నాడు. నేను మా తమ్ముడితో "చేతులు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అన్నాను. మా అబ్బాయి వెళ్లిపోయాడు, సాయంత్రానికి తిరిగొచ్చాడు. తమ్ముడు తలెత్తకుండా తిన్నాడు, మర్నాటి నుంచి పనిలోకి దిగాడు.

తప్పయిందని వాడు చాలాకాలం అనలేదు. నేనూ అడగలేదు. ఒకరోజు ఇద్దరం ఒక పెట్టెకు మూత బిగిస్తుండగా "అక్కా, ఆ రోజు లోపలికి ఎందుకెళ్లావు?" అన్నాడు.

"నువ్వున్నావనుకున్నాను."

వాడు స్క్రూడ్రైవర్ వదిలేసి నేలమీద కూలబడి ఏడ్చాడు. మా మధ్య జరిగిన క్షమాపణ అంతా అంతే.

కాలింది నా ఒళ్లు, క్షమించింది నేను. నేను చచ్చిపోయాక నా తరఫున దాన్ని వెనక్కి తీసుకునే హక్కు నా వారసులకు గానీ, వారి వారసులకు గానీ లేదు. కోర్టుకు వెళ్లినా లేదు.

5. నా కొడుకును వాళ్ల మావయ్యను క్షమించమని శాసించడం లేదు. నా ముఖం చూస్తూ పెరిగినవాడు, వాడి కోపం నా మీది ప్రేమే, నాకు తెలుసు. క్షమ వాడి సొత్తు, ఎప్పుడు ఇస్తాడో వాడిష్టం. మర్యాద మాత్రం శాసిస్తున్నాను. "ఆ మనిషి" అనడం మానెయ్యాలి. మావయ్యా అనాలి. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు పలకరించాలి, పళ్లు కొరుక్కుంటూ అయినా సరే. ఈ ఒక్క షరతు మీరితే ఇంట్లోనూ దుకాణంలోనూ వాడి భాగాన్ని కూడా నా కోడలి పేర మార్చాలి.

6. టేకు బల్ల ఒకటి మందిరానికి ఇస్తున్నాను. పాస్టరుగారు ఒక ఆదివారం మా కథంతా ప్రసంగంలో చెప్పి, వెనక నిలబడ్డ మా తమ్ముడివైపు చెయ్యి చూపించారు. జనమంతా వెనక్కి తిరిగారు. నేను లేచి నిలబడి, "అయ్యగారూ, నేను వాణ్ని ఇంట్లో క్షమించాను, మీరు బజారులో పెట్టకండి" అన్నాను. పెద్దమనిషి, మర్నాడు ఇంటికొచ్చి వాడితో మాట్లాడి వెళ్లారు, అందుకు కృతజ్ఞురాలిని. ఆ బల్ల ముందు వరసలో వేయకూడదు. గుమ్మం పక్కన వేయాలి. లోపలికి రావాలా వద్దా అని తటపటాయించేవాళ్లు నిలబడేది అక్కడే.

7. నా అంత్యక్రియల్లో పెళ్లినాటి ఫోటో పెట్టడానికి మా ఆడపడుచు ఇప్పటికే ఫ్రేము కట్టించిందని విన్నాను. పెట్టకూడదు. ఆ ఫోటోలో పిల్ల అందంగానే ఉండేది, కానీ పైన రాయించినవాటిలో ఏ పనీ ఆ పిల్ల చేయలేదు. మూత వేసేదాకా నా ముఖం మీద గుడ్డ కప్పకూడదు. పూలు ఎడమవైపు గుట్టగా పోసి చెంప దాచే ప్రయత్నం చేయకూడదు. చిన్నపిల్లలు జడుసుకుంటారని ఎవరైనా అంటే, వాళ్లను ఎత్తుకుని దగ్గరగా చూపించండి. దూరం నుంచి చూస్తేనే భయం.

పైన రాసినదంతా చదివించుకుని విని, ఒక్క మాట కూడా మార్చడానికి ఒప్పుకోకుండా, కాలని చేత్తో సంతకం చేశాను.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం

(సంతకం) పెట్టెలమ్మ

సాక్షులు:
ఎదురింటి ఇస్త్రీ ఆవిడ భర్త
మందిరం పాస్టరు