పైపు పగిలిన హోటల్

కౌన్సిలర్ గెరటీ గారికి,

మా మైలీ ఐర్లండ్ బాక్సింగ్ ఛాంపియన్ అయ్యాడు కాబట్టి ఆదివారం వాణ్ణి లారీ మీద ఊరేగిస్తామనీ, తర్వాత వంతెన పక్క హోటల్లో విందనీ రాశారు. "మన ఊరి బిడ్డ" అని కూడా రాశారు. ఎప్పటినుంచండీ?

పోయిన ఏడు నా మనవరాలి బాప్తిస్మం విందుకు ఆ హోటల్లోనే హాలు మాట్లాడుకున్నాం. తీరా వెళ్తే, మేము బండి ఇళ్ళలో బతికే ట్రావెలర్లమని చూడగానే పోల్చుకుని, మేనేజరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పైపు పగిలిందమ్మా, హాలంతా నీళ్ళే" అన్నాడు. అతని వెనక నేల పొడిగా మెరుస్తోంది. కేకు పట్టుకుని నిలబడ్డ మైలీ మొహం కందగడ్డలా అయింది. "ఇక్కడొద్దురా, దాచుకో. రింగులో వాడుకుందువుగాని" అని నేనే లాక్కొచ్చాను. వాడు దాచుకున్నాడు. మొన్న పతకం తెచ్చింది ఆ కోపమే.

ఆ గుమ్మం మేము తొక్కం. లారీని మా బళ్ళ దగ్గరికే పంపండి. చప్పట్లు కొట్టాలనుకున్నవాళ్ళంతా అక్కడికే రండి, రొట్టె, టీ నేను పెడతాను. పైపు పగులుతుందని భయపడకండి. ఓట్లకొచ్చినప్పుడల్లా మీరు వేయిస్తానన్న కుళాయి ఇంకా పడలేదు. టీకి నీళ్ళు మాత్రం మీ ఇంటినుంచి తెచ్చుకోండి.

మైలీ తల్లి