ఇంట్లో ఆ ‘ఎవరైనా’

గురువారం, జూలై

ప్రోగ్రాంను చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే మా కంపైలర్ ఇవాళ వేగం పరీక్ష దాటింది. ఆలస్యం ఎక్కడో పట్టుకున్నది మాత్రం నేను కాదు, టెస్టింగ్ చూసే రేవతి.

ప్రోగ్రాంలో "బొమ్మ గీయి" అనే పిలుపు వచ్చిన ప్రతిసారీ, గీసే క్లాసు, అంటే ఆ పని చేసే కోడ్ ముక్క, ఏదో పట్టికలో వెతికి అక్కడికి దూకేలా రాశాను. మా చిప్‌కు చిన్న చిన్న ఆదేశాలే తెలుసు. ఆ వెతుకులాటకే నాలుగు ఖర్చయ్యేవి. రేవతి స్క్రీన్ చూసి, "ఆడ ఉండేది ఒకే క్లాసు కదక్కా! ఊరికే ఊరికే ఎవరని అడిగేదెందుకు? నేరుగా పిలిస్తే పోలా?" అంది. పిలిచాను. ప్రోగ్రాం పరుగెత్తింది.

సంతోషంగానే ఉంది. కానీ రేపెవరైనా అదే పని చేసే రెండో క్లాసు చేరిస్తే? రెండోది ఉందేమో ముందు చూసుకునే లైను ఒకటి కోడ్‌లో పెట్టాను. సరిపోతుందో లేదో...

ఇంటికొచ్చి కూర్చోగానే బెల్లు మోగింది. "ఎవరైనా తలుపు తీస్తారా?" అని లోపల్నుంచి మా ఆయన కేక. ఉన్నది మేమిద్దరమే. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ‘ఎవరైనా’ నేనే. ఇవాళ లేవలేదు. మళ్ళీ మోగింది. మూడోసారికి కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు వినిపించాయి.

రెండో మనిషి ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నారు. ఉన్నారేమో అని చూసుకోనిది నేనే.