కోటులో దాచిన నిప్పు

తమ్ముడు ఒంచిరికి,

నా పెళ్ళినాడు కీసీ చర్చి మెట్లమీద, వదినకి గ్యాస్ పొయ్యి కొనిస్తానని అందరి ముందూ మాట ఇచ్చావు. ముసలివాళ్ళమయ్యాం, పొయ్యి రాలేదు. నేను చదివిన నవలల్లో మోసగాళ్ళు కూడా ఇంతకాలం ముఖం చాటెయ్యలేదు.

మొన్న ఆదివారం చర్చిలో పాడేవాళ్ళందరినీ భోజనానికి పిలిచాం. వానకి కట్టెలన్నీ నానిపోయాయి. పరువు పోయిందనుకున్నాను. మీ వదిన మాత్రం మిగిలిన నాలుగు పొడికట్టెలతో, నానేసిన మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ కాసేపు తెర్లించి, పాత బట్టలు కుక్కిన బుట్టలో కుండ దించి, వేడి పోకుండా మూతపెట్టి చర్చికి వచ్చేసింది. తిరిగొచ్చేసరికి గింజలు వెన్నలా ఉడికాయి.

"పొయ్యి చల్లగా ఉంది, నిప్పెక్కడ దాచావే అక్కా?" అంది మీ వదిన చెల్లెలు మొరా.

"మీ బావగారి కోటులో!" అంది మీ వదిన.

ఇల్లంతా నవ్వులు. నేనూ నవ్వాను, బుట్టలోకి తొంగిచూసేదాకా. నిరుడు దొంగలెత్తుకుపోయారని నేను ఊరంతటినీ తిట్టిన ఉన్ని కోటు, ముక్కలై అందులో ఉంది!

ఇక ఆ బుట్ట ఉండగా గ్యాస్ పొయ్యి తెచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను. మన కీసీ కొండల్లో జూలై చలి వస్తోంది, ఒక కోటు పంపు. నిన్ను క్షమించేశాను. మూడు గిన్నెలు తిన్నాక కూడా నేను క్షమించలేనిది ఒక్కరినే: మీ వదిన కెముంటోని.

మీ అన్న