బావ సైకిలు రిమ్ములకు రాసిన నూనె

1962 నవంబరు, మంగళవారం రాత్రి

అక్కా బావా విడవలూరు చేరారో లేదో తెలియదు.

సముద్రపు గాలికి ఇనుము నిలవదని మా ఊళ్లో అందరం సైకిళ్లను కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాం. రిమ్ములు మాత్రం వదిలేస్తాం, బ్రేకు రబ్బర్లు పట్టేది వాటినే గనక. నాకు తెలియని సంగతా ఇది? కానీ బావ సైకిలుకు అంత తుప్పు చూసేసరికి చేతులు ఊరుకోలేదు. ఉప్పుకాగితంతో రుద్ది, చక్రాలు తిప్పుతూ రిమ్ములకు కూడా నూనె పట్టించాను.

"అద్దం మాదిరి చేసినావురా!" అని మురిసిపోయి, అక్క చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది.

వాళ్లు వెళ్లాక అన్నానికి చేతులు కడుక్కుంటుంటే జిడ్డు వదల్లేదు. అప్పుడు తట్టింది. నా సైకిలు చైను చూస్తే కిరసనాయిల్లో నానుతోంది. కాలువ వంతెన దాకా పరుగెత్తాను. వంతెన దాటగానే దారి ఏటవాలుగా నీళ్ల పక్కకే దిగుతుంది. గట్టు మీద నిలబడి పిలిచాను. కప్పల అరుపులు తప్ప ఏమీ లేదు. పడిన ఆనవాలు కనిపించలేదు. ఆ చీకట్లో ఉన్నా కనిపిస్తుందా...

తిరిగొచ్చి చైను బిగించాను. అమ్మ నిద్రపోగానే లాంతరు తీసుకుని బయలుదేరాలి. అందాకా ఊరికే కూర్చోలేక ఇది రాస్తున్నాను. ఇందాక అమ్మకు చెప్పేద్దామని దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా, దుప్పటి కప్పుకుంటూ తనే అంది:

"పొద్దుపోయి బయల్దేరినా నాకేం దిగుల్లేదబ్బయా. నువ్వు బాగుచేసిన సైకిలే గదా."