ధనిష్ఠలో విడిచిన ఇల్లు

ఆదోని రెంట్ కంట్రోలరు గారి సముఖమునకు,

ఆదోని కాపురస్థుడు, పత్తి దళారి, ప్రస్తుతము ఎమ్మిగనూరులో బావమరిది ఇంట తలదాచుకొన్న రంగనాథం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆదోనిలోని నా స్వంత ఇంటినుండి బాడుగదారుడు యేసేపును ఖాళీ చేయించి, ఇల్లు నాకు స్వాధీనపరచుట గురించి, విచారణలో తమరు అడిగిన ప్రశ్నకు జవాబు గురించి.

1. పోయిన వారము విచారణలో తమరు నన్ను, "ఒంటరివాడివి. భోజనానికి బావమరిది ఇల్లున్నది. ఇంత ఇల్లు నీకెందుకు?" అని అడిగితిరి. నేను ఊరక నిలబడితిని. తమయెడ అమర్యాద చేయవలెనని కాదు. నా ప్లీడరు మోచేతితో పొడిచినాడు గాని, జవాబు అప్పటికీ నోటికి రాలేదు. కావున వ్రాతమూలకముగా మనవి చేసుకొనుచున్నాను.

2. నా భార్య అలివేలమ్మ నిరుడు, పత్తి అమ్మకములు జోరుగా సాగుచుండగా, జ్వరము వచ్చి కాలము చేసినది. నక్షత్రము ధనిష్ఠ. ధనిష్ఠలో ప్రాణము పోయిన ఇంటిని ఆరు నెలలు విడువవలెననియు, విడువనిచో పోయినవారు మరల వచ్చి ఇంటివారిలో ఒకరిని వెంటబెట్టుకొని పోవుదురనియు మా ఆచారము. కర్మ ముగిసిన మరునాడే ఆమె తమ్ముడు శేషన్న నా చేయి పట్టుకొని ఎమ్మిగనూరు బండి ఎక్కుమన్నాడు. ఎక్కితిని.

3. ఇంటికి తాళము వేసి ఉంచినచో, ఖాళీగా ఉన్నదని సర్కారువారు ఏ ఉద్యోగికో ఇచ్చివేయుదురని బజారులో అందరు భయపెట్టిరి. అద్దెకిత్తమన్న, ధనిష్ఠ ఇంట మావారెవరు అడుగుపెట్టరు. అట్టి సమయమున జిన్నింగు మిల్లులో ఫిట్టరు యేసేపు వచ్చి, "మాకు నచ్చత్రాలు లేవప్పా, ప్రభువు ఉండాడు" అన్నాడు. ఆరు నెలలకని నోటిమాటగా తాళములు ఇచ్చితిని. కొరివితో తల గోక్కొంటివని శేషన్న నేటికిని దెప్పుచున్నాడు. కిరస్తానము వారిని పెట్టితినని వీధివారు నాతో మాటలు మానిరి. ఆ సంగతిలో నాకు యేసేపు మీద ఫిర్యాదు లేదు.

4. ఆరు నెలలు దాటినవి. ఇల్లు అడిగితిని. భార్య మార్తమ్మకు నెలలు నిండినవి, కాన్పు కానిమ్మన్నాడు. కాన్పయినది. బిడ్డ మెడ నిలువనిమ్మన్నాడు. నిలిచినది. ఇప్పుడు మిల్లులో పని ఎక్కువ, ఇల్లు వెదకుటకు తీరిక లేదనుచున్నాడు. ప్రతిసారి న్యాయమైన మాటే చెప్పును. నా కష్టమంతయు అదే. బాడుగ మాత్రము మనియార్డరులో తప్పక వచ్చును. ఎగవేసినవాడైతే సులువుగా వెళ్లగొట్టవచ్చును గాని ఇంత మంచివాడిని ఏమి చేయగలమని ప్లీడరు వాపోయినాడు.

5. కాన్పు ఏ గదిలో అయినదని అడిగితిని. అలివేలమ్మ పోయిన గదిలోనే అని యేసేపు చెప్పినాడు. వెలుతురుండే గది అదొక్కటే. ఆ మాట విన్నప్పుడు నాకు కోపమో దుఃఖమో రావలెను. ఏదియు రాలేదు. సరే అని బస్సుకు పోతిని.

6. విచారణలో యేసేపు తమతో చెప్పినది ఇది: "వచ్చినప్పుడల్లా లోపలికి రాప్పా, కూసో అని పిలిచినాను. ఒక దినమన్నా గడప దాటలేదు. ఇల్లు కావల్లనేటోడు ఇంట్లేకి రాడా?" తమరు దానిని వ్రాసుకొంటిరి. అతడు చెప్పినది నిజమే. శాంతి జరిపించనిదే నేను ఆ గడప దాటరాదు. ఇల్లు ఖాళీ కానిదే శాంతి జరుగదు. హోమము చేయవలెను, ఆవును ఇల్లంతయు నడిపించవలెను. పొయ్యి మీద వారి కూర ఉడుకుచుండగా ఏ పురోహితుడు వచ్చును? కనుక వీధిలో ఎండలో నిలబడి అడుగుచుంటిని. లోపలికి పోకున్న నాకు ఇల్లు అక్కరలేదని తమ లెక్క. పోయినచో ఆచారము తప్పును. అడకత్తెరలో పోకచెక్కనైతిని.

7. ఎమ్మిగనూరులో నాకు కొరత చేసినవారు లేరు. నూలు బేళ్ల గదిలో మంచము వేసినారు. తెల్లవారినది మొదలు చుట్టూ మగ్గముల చప్పుడు. పెట్టినది తినుచున్నాను, పడుకొనుచున్నాను. ఒకనాడు శేషన్న భార్య గోవిందమ్మ పప్పులో ఉప్పు వేయుట మరచినది. నేనంతయు తిన్న పిమ్మట శేషన్న నోట పెట్టుకొని ఉమ్మివేసినప్పుడు గాని ఆ సంగతి బయటపడలేదు. గోవిందమ్మ వెనుకకు తిరిగి కన్నీరు తుడుచుకొన్నది. ఉప్పు లేనందుకు ఏడ్పెందుకని నేనడిగితిని.

8. ఇక తమరు అడిగిన ప్రశ్న. పోయినవారు ఆరు నెలలలోపల ఇంటికి వత్తురని గదా పెద్దలు చెప్పుట. అలివేలమ్మ వచ్చియుండును. నేను లేను. అందరు కలిసి నన్ను తప్పించినారు. తప్పించుమని నేను కోరలేదు. నాకు మా ఇంటికి పోవలెనని ఉన్నది. ఇంతకు మించిన అవసరము నావద్ద లేదు. దీనికి చట్టములో చోటున్నదో లేదో ప్లీడరును అడుగుటకు సిగ్గుపడితిని.

నోటికి రానిదానిని కాగితమున పెట్టితిని. ఓపికతో చిత్తగించవలెను.

ఆదోని, 1957.

తమ విధేయుడు,
రంగనాథం

మరి యొక మనవి: ఈ అర్జీ ఇచ్చుటకు ఈ ఉదయము వచ్చితిని. కచేరి ఇంకను తెరవలేదు. కాళ్లు ఇంటివైపు పోయినవి. యేసేపు మిల్లుకు పోయినాడు. వాకిలి తెరచి ఉన్నది. శాంతి లేదు, ఆవు లేదు, లోపలికి పోతిని. ఆ గదిలో చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోవుచున్నది. నేను విడిచిన ఆరు నెలలలో ఎవరైనా వచ్చిరా అని మార్తమ్మను అడిగితిని. ఎవరని ఆమె అడుగలేదు. "నేనూ సూస్తానే ఉంటినప్పా. దీపం కూడా ఆర్పలేదు. ఎవురూ రాలేదు" అన్నది. అక్కడనే నేలమీద కూలబడి ఏడ్చితిని. అలివేలమ్మ పోయిన తరువాత ఏడ్చుట ఇదే మొదలు. బిడ్డ లేచినది. మార్తమ్మ దానిని ఊరుకోబెట్టినది గాని, నన్ను ఊరుకొమ్మనలేదు.

కావున ఖాళీ చేయించవలెనన్న కోరికను మానుకొంటిని. ఆ గదిలో కాకున్న నడవలోనైనను ఒక్క మంచమునకు చోటిమ్మని యేసేపుకు ఉత్తరువు చేయించవలెను. అప్పుడు బాడుగ ఎవరు ఎవరికి కట్టవలెనో కూడ తమరే తేల్చవలెను.